మరపు మందు

బిస్మార్క్
సెప్టెంబరు 14

వాల్బుర్గా అత్తకి,

ఫోన్ చేస్తే "ఎవరూ? ఎవరూ?" అని అరిచి పెట్టేస్తావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నేను ఇక్కడ కుదురుకున్నాను. నాన్న పశువుల ట్రైలర్ కడిగి, అందులో నా సామాన్లన్నీ తెచ్చి దించి వెళ్ళాడు. ఎంత కడిగినా నా పరుపు దగ్గర ఇంకా మన ఆవుల వాసన వస్తోంది. "బెంగ పెట్టుకోకుండా ఉండటానికి అది మందులే అక్కా, పడుకునే ముందు రెండుసార్లు పీల్చు" అన్నాడు కర్ట్. వాడికి పెళ్ళి ఎందుకు కావడం లేదో నాకు అర్థమవుతూనే ఉంది.

నువ్వు అడిగినదానికి జవాబు, అవును. మారియన్‌టాల్ క్లినిక్‌లో ఇన్నేళ్ళు నర్స్ ప్రాక్టీషనర్‌గా రోగిని చూసి, రోగమేమిటో తేల్చి, మందు రాసిచ్చిన అనుభవం ఆపరేషన్లకి మత్తు ఇచ్చే చదువుకి పనికిరాదట. ఐసీయూలో మంచం పక్కన నిలబడి, గొట్టాలూ మిషన్లూ చూసుకున్న అనుభవం ఉంటేనే కనీసం దరఖాస్తు తీసుకుంటారు. అందుకని ఇక్కడి ఆస్పత్రి ఐసీయూలో మామూలు నర్సుగా మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడ్డాను. నాకు పని నేర్పే అమ్మాయి మెకెన్నా నా కన్నా చాలా చిన్నది. నిన్న ఒక పెద్దాయన తలనొప్పి అంటే, మామూలు బిళ్ళ ఇవ్వడానికి డాక్టరు అనుమతి కోసం నిలబడ్డాను. మొన్న మొన్నటిదాకా ఆ అనుమతి ఇచ్చే మనిషిని నేనే.

"పైనుంచి కిందికి ఎందుకు దిగొచ్చారండీ?" అని అడిగేసింది మెకెన్నా. చిన్నపిల్ల గనక మొహం మీదే అడిగింది. పెద్దవాళ్ళు నా వీపు వెనక అడుగుతారు.

ఎందుకో నీకు తెలుసు. పోయిన చలికాలం ఆ తుఫాను నాడు, బిడ్డ అడ్డం తిరిగిన తల్లిని మంచు తోసే బండి వెనకాల అంబులెన్స్‌లో పెట్టుకుని ఇక్కడిదాకా వచ్చాను. మన ఊరి ఆస్పత్రిలో థియేటర్ ఉంది. పిలిస్తే బయటి ఊరి నుంచి వచ్చి కోసి తీయగల డాక్టరు ఉన్నాడు. మత్తు ఇచ్చే మనిషి లేక ఆ గదికి తాళం. దారి పొడుగునా ఆమె చెయ్యి పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాను. నాకు చేతనైంది అదొక్కటే. బిడ్డ దక్కలేదు. ఆ తాళం తీయాలనుకున్నాను, అంతే.

అయితే ఒక తలుపు తీయాలని బయల్దేరి ఇంకో తలుపు వేసి వచ్చానేమో అని కూడా అనిపిస్తోంది. నా చోటికి ఎవరూ రాలేదు. పక్క ఊరి నుంచి ఒకామె గురువారం గురువారం వచ్చి చూసి వెళ్తోంది. మిగతా రోజుల్లో ఎవరికీ జబ్బు చెయ్యకూడదని ఫాదర్ గారు ఆదివారం పూజలో ప్రకటించారని కర్ట్ చెప్పాడు. అది జోకో నిజమో వాణ్ణి అడగలేదు.

నీ మేనకోడలు
జనెల్


మఠం
సెప్టెంబరు 22

జనెల్‌కి,

నీ ఉత్తరం భోజనాల గదిలో చదువుకుని ఆవుల వాసన దగ్గర నవ్వాను. చెవుడు వచ్చాక నా నవ్వు ఎంత గట్టిగా ఉంటుందో నాకు తెలియడం లేదు. మదర్ గారు నా వంక చూశారు. మర్నాటి నుంచి నన్ను బంగాళాదుంపల చెక్కు తీసే పనిలో వేశారు. అది శిక్షో, పిండిముద్దల నెఫ్లా సూప్ బాగా చేస్తానన్న నమ్మకమో ఎవరూ చెప్పలేదు.

కిందికి దిగావని బాధపడకు. నేను మత్తు ఇచ్చే పనిలో చేరినప్పుడు మా సిస్టర్లకు ఎవరూ పరీక్ష పెట్టలేదు. "నువ్వు భయపడే రకం కాదు, వచ్చి తల దగ్గర నిలబడు" అన్నాడు ముసలి డాక్టరు. నిజానికి నేను భయపడే రకమే. నా తలగుడ్డ వెడల్పుగా ఉండి మొహం కనబడేది కాదు.

నీకు ఒక్క సంగతి చెప్పాలి. నువ్వు క్లినిక్ మనిషివి, మాటల మనిషివి. రోగి చెప్పింది విని, గుర్తుంచుకుని, ఆరు నెలల తర్వాత "మీ కోడలు మాట్లాడుతోందా ఇప్పుడు?" అని అడిగేదానివి. అందుకే ఊరంతా నిన్ను ప్రేమించింది. ఈ పని అలా కాదు. మత్తు ఎక్కే ముందు మనుషులు మాట్లాడతారు. పొయ్యి ఆర్పానా అంటారు. పక్కింటివాణ్ణి తిడతారు. చచ్చిపోయినవాళ్ళని పిలుస్తారు. ఆ మాటలు లేచాక వాళ్ళకు గుర్తుండవు. గుర్తులేని మాటని తిరిగి వాళ్ళ చేతిలో పెట్టకూడదు, ఇంకొకరి చేతిలో అసలే పెట్టకూడదు. మన ఊళ్ళో సగం మందికి నేను మత్తు ఇచ్చాను. అందుకే పెళ్ళి విందుల్లో తల వంచుకుని సూప్ తాగేదాన్ని.

మీ అమ్మ పోయాక నిన్నూ కర్ట్‌నీ చూసుకోవడానికి మదర్ గారిని బతిమాలి ఎండాకాలం సెలవుల్లో వచ్చేదాన్ని, గుర్తుందా? అప్పుడూ నువ్వే వాగేదానివి. వాడు వినేవాడు, మీ నాన్న వింటున్నట్టు ఉండేవాడు.

ప్రేమతో
అత్త


ఫార్గో
మరుసటి ఏడు, అక్టోబరు 9

అత్తా,

సీటు వచ్చిందని చెప్పినప్పుడు నువ్వు పంపిన జపమాల పుస్తకాల సంచీలోనే ఉంది. ఇక్కడ చదువు మొదలైంది. ఉద్యోగం చెయ్యకూడదు, చెయ్యనని సంతకం పెట్టించుకున్నారు. రోజంతా పుస్తకం. గుండె, ఊపిరి, మందు, మోతాదు. ఒక్కో మందు పేరు నోట్లో వేసుకుని చప్పరిస్తే తప్ప నాకు ఎక్కడం లేదు. వాటిల్లో ఒకదానికి నేను మరపు మందు అని పేరు పెట్టుకున్నాను. థియేటర్‌కి తీసుకెళ్ళే ముందు నరంలో కొంచెం ఇస్తారు. మనిషి మెలకువగానే ఉంటాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు, కానీ ఆ కాసేపు అతని జీవితంలోంచి పోతుంది. నిద్ర కన్నా అదే నాకు వింతగా ఉంది.

పోయిన శనివారం కర్ట్ వచ్చాడు. జింక మాంసం సాసేజీలు సంచీ నిండా తెచ్చాడు. నా బల్ల మీద పడుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, "ఇవ్వక్కా మత్తు, నేర్చుకో, నేనెలాగూ పొద్దున్న పదింటి దాకా లేవను" అన్నాడు. వాడి దవడ కింద వేళ్ళు పెట్టి ఊపిరి దారి ఎలా తెరవాలో చూపించాను. "చక్కిలిగింతలు" అని లేచి కూర్చున్నాడు. తిరిగి వెళ్ళేముందు పికప్ అద్దం దించి, "నాన్న నీ గురించి బజార్లో గొప్పలు చెబుతున్నాడు, నీకు చెప్పొద్దన్నాడు" అన్నాడు.

నాన్నతో మాట్లాడితే ఆ ముక్క ఒప్పుకోడు. "చదువుకో. మేం నిన్ను కదిలించం" అని ఫోన్ పెట్టేస్తాడు. ఆయన ప్రేమంతా ఆ పెట్టేయడంలోనే ఉంటుంది.

జనెల్


ఫార్గో
మార్చి 3

అత్తా,

సమాధుల తోటలో నీతో మాట్లాడలేకపోయాను. గాలికి నీకేమీ వినబడేది కాదు, నాకూ నోరు రాలేదు. ఇప్పుడు రాయగలనేమో చూస్తాను.

ఏం జరిగిందో అందరూ ముక్కలు ముక్కలుగా చెప్పారు. ఆదివారం కర్ట్‌కి కడుపు నొప్పి మొదలైంది. ఊళ్ళో అందరికీ ఫ్లూ, తనకీ అదే అనుకున్నాడు. గురువారం క్లినిక్ తెరుస్తారు కదా, అప్పుడు చూపించుకుందామని ఆగాడు. బుధవారం నొప్పి తగ్గితే, నయమైందనుకుని ఆవులకు మేత కూడా వేశాడట. అది నయం కాదు. అపెండిక్స్ పగిలితే నొప్పి అలాగే ఒక పూట తగ్గుతుంది. గురువారం వాణ్ణి చూసిన ఆమె వెంటనే బిస్మార్క్‌కి పంపింది. ఆమె తప్పేమీ లేదు.

నేను చేరేసరికి గొట్టం వేసి ఉంది. నేను పనిచేసిన ఐసీయూనే. మెకెన్నా నన్ను చూసి కుర్చీ తెచ్చి వేసింది. మంచం పక్కన వేలాడుతున్న సీసాల మీద పేర్లన్నీ చదివాను. అన్నీ నాకు వచ్చు. పరీక్షలో అన్నిటికీ మార్కులు వచ్చాయి. శనివారం పోయాడు.

నేను క్లినిక్‌లో ఉండి ఉంటే ఆదివారమే వంటింట్లో బల్ల మీద పడుకోబెట్టి, కుడివైపు కింద నొక్కి చూసి, పికప్ ఎక్కించేదాన్ని. ఇది ఎవరూ అనడం లేదు. నాన్న అసలేమీ అనడం లేదు. పూజలో నా పక్కన కూర్చోలేదు. తర్వాతి విందులో కూకెన్ కేకుల పళ్ళెం నేను అందిస్తే తీసుకుని పక్కవాళ్ళకి ఇచ్చేశాడు. వచ్చేటప్పుడు కారులో నూనె చూశాడు, చక్రాల్లో గాలి చూశాడు, నా మొహం మాత్రం చూడలేదు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

ఆయన అనుకుంటున్నది నిజమే కాబట్టి నాకు చెప్పుకోవడానికీ ఏమీ లేదు. ఈ చదువు మానేసి వచ్చేద్దామనుకుంటున్నాను.

జనెల్


మఠం
మార్చి 9

జనెల్,

మానకు.

నీ గుండె కోసం చెబుతున్న మాట కాదిది. నువ్వు వెనక్కి వస్తే మీ నాన్న మొహం ఇంకా అటు తిరిగిపోతుంది. ఆయన మౌనం నువ్వు అనుకుంటున్నది కాదు. ఇంతకన్నా నేను రాయలేను, ఎందుకని అడగకు. ఆయనకి నేను అక్కని. నీకు అత్తని. రెండు వైపులా ఒకేసారి నిలబడటం ఈ వయసులో కష్టంగా ఉంది.

కర్ట్ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. ప్రార్థనలో వాడు కుదురుగా ఉండడు. చిన్నప్పటిలా నా తలగుడ్డ పెట్టుకుని కోళ్ళ వెంట పరిగెత్తుతూ కనబడతాడు.

ఈస్టరు ముందు తపస్సుకాలం కదా, సూప్‌లో వెన్న వెయ్యడం లేదు. అదొక్కటీ నాకు ఊరట. తిండి బాగుంటే ఇప్పుడు తప్పు చేసినట్టుంటుంది.

చదువుకో.

అత్త


బిస్మార్క్
అదే ఏడు, నవంబరు 17

అత్తా,

మమ్మల్ని ఆస్పత్రుల వెంట తిప్పుతున్నారు. ఈ చలికాలమంతా మళ్ళీ బిస్మార్క్. నాకు నేర్పే ఆయన డ్వేన్ ఐవర్సన్, ముప్పై ఏళ్ళుగా ఇదే పని. పొడుగు మనిషి, తక్కువ మాటలు. మొదటిరోజు ఒక ముసలావిడ భయపడుతుంటే నేను ఆమె మనవళ్ళ పేర్లన్నీ అడిగాను. ఆయన విని, "బాగుంది. ఇప్పుడు ఆమె ఊపిరి కూడా విను" అన్నాడు.

పని చేతికి వస్తోంది. మత్తెక్కి ఊపిరి ఆగే క్షణం ఉంటుంది చూడు, రోగి ఊపిరి ఆగింది, నేనిచ్చే ఊపిరి ఇంకా అందలేదు, ఆ మధ్య ఖాళీ. నీకు తెలుసు. అక్కడ నాకు ప్రతిసారీ కర్ట్ దవడ నా వేళ్ళ కింద తగులుతుంది.

క్లినిక్‌లో నాకు వేలమంది తెలుసు, వాళ్ళందరికీ నేను తెలుసు. ఇక్కడ రోజంతా మనుషుల ప్రాణం పట్టుకుని కూర్చుంటాను, సాయంత్రం వరండాలో ఎదురుపడితే ఎవరో అన్నట్టు తప్పుకుని వెళ్తారు. మరపు మందు ముందుగా చెరిపేది నన్నే. మొదట్లో మనసు చివుక్కుమనేది. ఇప్పుడు కొంచెం హాయిగా కూడా ఉంది. నన్ను గుర్తుపట్టనివాళ్ళకి నా మీద కోపం ఉండదు కదా.

నాన్న ఇప్పుడు ఫోన్ ఎత్తుతున్నాడు. "బాగున్నావా?" "బాగున్నా." "చలా?" "చలి." "సరే, చదువుకో." అంతే. ఒకసారి ఆ మాటలు లెక్కపెడదామనుకుని మానేశాను.

జనెల్


బిస్మార్క్
జనవరి 20

అత్తా,

ఈ ఉత్తరం రాయకూడదు. నువ్వు కూడా ఆ గది మనిషివే కాబట్టి రాస్తున్నాను. చదివి పొయ్యిలో వేసెయ్.

మొన్న మర్నాటి ఆపరేషన్ల పట్టీ చూస్తుంటే నాన్న పేరు కనబడింది. రేమండ్ వోల్క్, మారియన్‌టాల్, హెర్నియా. నాకు చెప్పలేదు. నేను ఈ ఊళ్ళో, ఈ ఆస్పత్రిలో ఉన్నానని తెలిసి కూడా చెప్పలేదు. నీకు చెప్పాడా? చెప్పే ఉంటాడు.

డ్వేన్ దగ్గరికి వెళ్ళి "ఈయన మా నాన్న" అన్నాను.

"అయితే ఈ కేసులో నువ్వు లేవు. మందు నేనిస్తాను, తల దగ్గర నేనుంటాను" అన్నాడు. ఆ పట్టీ మడిచి, "కూతురు తలుపుదాకా నడవచ్చు. దానికి రూలేమీ లేదు" అన్నాడు.

పొద్దున ఆయన పడుకున్న గదికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. టోపీ, మాస్కు పెట్టుకుని తెర బయటే నిలబడ్డాను. డ్వేన్ నరంలో ఆ మరపు మందు ఇచ్చి మంచం బయటికి తోశాడు. నేను వెళ్ళి రెండోపక్క కమ్మీ పట్టుకున్నాను. కళ్ళద్దాలూ చెవి మిషన్లూ ముందే తీసేశారు. నాన్న నావైపు చూశాడు, అత్తా. ఎవరో నర్సు అనుకున్నాడు. ఏడాదిగా చూడని చూపు చూశాడు. నవ్వాడు.

"నా కూతురు ఇదే పని నేర్చుకుంటోందమ్మా" అన్నాడు.

నేను కమ్మీ పట్టుకుని నడుస్తూనే ఉన్నాను.

"కష్టమా ఈ పని?"

ఆయన చెవి దగ్గర వంగి "కష్టమేనండీ" అన్నాను. నాన్నని మొట్టమొదటిసారి అండీ అన్నాను.

"ఊఁ. దానికి తమ్ముడు ఉండేవాడు. ఆ ఆదివారం వాడు అక్కకి ఫోన్ చేస్తానన్నాడు. నేనే వద్దన్నా. పరీక్షలు, కదిలించకురా, గురువారం చూపించుకో అన్నా." పైకప్పు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి ఆయన మొహం మీదుగా పోతున్నాయి. "అందుకే దాని మొహం చూడలేకపోతున్నా. చూస్తే చెప్పాలి. చెబితే అది ఇక నాన్నా అనదు. నువ్వు దానికి చెప్పకమ్మా."

తలుపు వచ్చింది. నేను కమ్మీ వదిలేశాను.

డ్వేన్ అంతా విన్నాడు. తర్వాత కాఫీ గదిలో నా పక్కన నిలబడి కిటికీ బయటికి చూస్తూ, "ఈ కేసులో ఉన్నది నేను. నేను విన్నది నాతోనే ఉంటుంది. నువ్వు అక్కడ ఎవరివో నువ్వే తేల్చుకోవాలి" అన్నాడు.

నాన్న లేచాక కూతురిలాగా, మామూలు బట్టల్లో వెళ్ళాను. గోడవైపు చూస్తూ, "చదువు మానుకుని ఎందుకొచ్చావ్?" అన్నాడు. ఏదీ గుర్తులేదు. మందు తన పని తాను చేసింది.

ఇన్నాళ్ళూ ఆయన నన్ను తప్పుపడుతున్నాడనుకున్నాను. ఆయన తనని తాను నాకు కనబడకుండా దాచుకుంటున్నాడు. ఇప్పుడు వెళ్ళి "నాకు తెలుసు నాన్నా, నాకు కోపం లేదు" అనాలని ఉంది. అంటే, ఎలా తెలుసంటాడు. నర్సుకి చెప్పొద్దని చెప్పిన మాట కూతురికి చేరిందని తెలిస్తే, ఇక జన్మలో ఎవరి దగ్గరా నోరు విప్పడు. చెప్పకపోతే ఇలాగే గోడవైపు తిరిగి పోతాడు.

ఆ వరండాలో నేను కూతుర్నా, నర్సునా? నువ్వు చెప్పు.

జనెల్


మఠం
జనవరి 27

జనెల్,

పొయ్యిలో వేశాను. వెయ్యడానికి ముందు రెండుసార్లు చదివాను.

ఆ మాట నాకు సమాధుల తోటలోనే తెలుసు. మీ నాన్న నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు, నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. నీ మార్చి నెల ఉత్తరం చదివి, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్ గారిని అడిగాను, ఒట్టు తప్పవచ్చా అని. "ఆ మాట చెప్పాల్సింది మీ తమ్ముడే" అన్నారు. ఆయన చెప్పింది సరైనదే. సరైన మాట ఎంత పనికిరానిదిగా ఉంటుందో ఆరోజు తెలిసింది. నువ్వు ఏడాది పాటు లేని నిందని మోస్తుంటే నేను చూస్తూ కూర్చున్నాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నిన్ను నర్సు అనుకుని చెప్పాడు, నర్సుని చెప్పొద్దన్నాడు. కాబట్టి నువ్వు నర్సువి. ఆ మాట ఆయన చేతిలో పెట్టకు. ఇలా అంటున్నందుకు నన్ను నేను మెచ్చుకోవడం లేదు.

కానీ ఒక మాట. ఆయన చెప్పింది వాడకూడదు, నిజమే. నీ సొంత మాటలు నువ్వు వాడుకోకూడదని ఎవరూ అనలేదు.

అత్త


బిస్మార్క్
మార్చి 30

అత్తా,

మట్టల ఆదివారానికి ఇంటికి వెళ్ళాను. ఆవులు ఈనే కాలం కదా, నాన్న కుట్లు మానాయో లేదో, ఒంటరిగా గొలుసు పట్టి దూడలను లాగుతున్నాడని పక్కింటివాళ్ళు చెప్పారు. నన్ను చూసి "చదువు?" అన్నాడు. "సెలవు" అన్నాను. ఒక తొలిచూలు పెయ్యకి దూడ అడ్డంపడింది. ఇద్దరం కలిసి లాగాం. దూడ ఊపిరి తీసుకోలేదు. నాన్న గడ్డిపరకతో ముక్కులో గెలుకుతుంటే, నేను మోకాళ్ళ మీద కూర్చుని మూతి మూసి ముక్కులోకి ఊదాను. తుమ్మింది. "బళ్ళో ఇదీ నేర్పుతారా?" అన్నాడు. కర్ట్ పోయాక ఆయన నాతో అన్న మొదటి పనికిమాలిన మాట అది. ఎంత బాగుందో.

వంటింట్లోకి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. నేను కాఫీ పెడుతూ, ఏదో నా పని గురించి చెబుతున్నట్టే మొదలుపెట్టాను. థియేటర్‌లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరని, లాకర్లో పెట్టి తాళం వేయాలని, మొదటి ఏడాది ఆదివారాలు కూడా ప్రయోగశాలలో అంతేనని.

"కర్ట్‌కి నొప్పి మొదలైన ఆదివారం కూడా నా ఫోన్ లాకర్లోనే ఉంది నాన్నా. సోమవారం మధ్యాహ్నం దాకా ముట్టుకోలేదు. ఎవరు చేసినా నాకు అందేది కాదు. అది తలుచుకుంటే నాకు తిండి సయించదు" అన్నాను.

కొళాయి పారుతూనే ఉంది.

"ఆదివారం కూడానా?" అన్నాడు.

"ఆదివారం కూడా."

"సోమవారం మధ్యాహ్నం దాకా?"

"అవును."

కొళాయి కట్టేశాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఎదురుగా, అత్తా. నా మొహం వంక చూసి, "చిక్కిపోయావు" అన్నాడు. రొట్టె కోసి నా ముందుకు తోశాడు. తర్వాత ఆ కుర్చీలోనే, బూట్లు కూడా విప్పకుండా నిద్రపోయాడు.

నీకు నిజం చెప్పాలి, ఎవరికో ఒకరికి చెప్పాలి. ఆ ఆదివారం ప్రయోగశాల లేదు. మధ్యాహ్నమంతా నా గదిలో కూర్చుని మందుల పేర్లు వల్లెవేసుకున్నాను. ఫోన్ పుస్తకం పక్కనే ఉంది. ఒక స్నేహితురాలు చేస్తే గంటసేపు కబుర్లు చెప్పాను. కర్ట్ చేసి ఉంటే మొదటి మోతకే ఎత్తేదాన్ని. "కుడివైపు నొప్పి అక్కా" అనేవాడు. "ఇప్పుడే బయల్దేరు" అనేదాన్ని. వాడు ఈపాటికి ఆ పెయ్య దగ్గర నన్ను వెక్కిరిస్తూ ఉండేవాడు.

నాన్న నిద్రపోయాడు. నాకు ఇప్పుడు నిద్రపట్టడం లేదు. మందిచ్చేవాళ్ళు మెలకువగానే ఉండాలి కదా.

జనెల్


మఠం
ఏప్రిల్ 24

జనెల్‌కి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నా కళ్ళద్దాలు కనబడలేదు. కనుక రెండో సగంలో ఏం రాశావో నాకు తెలియదు. అబద్ధం పాపమా అని అడగాలనుకుంటే ఫాదర్ గారిని అడుగు. నేను బంగాళాదుంపల మనిషిని.

మీ నాన్న పోయిన ఆదివారం వచ్చాడు. కర్ట్ పోయాక ఇదే రావడం. భోజనాల గదిలో నా పక్కన కూర్చుని, నాకు వినబడాలని నా చెవిలో అరిచాడు, "దాని ఫోన్ లాకర్లో ఉందంట అక్కా!" అని. సిస్టర్లందరూ చెంచాలు ఆపి చూశారు. వాళ్ళకేం అర్థమవుతుంది? నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. సూప్ చల్లారిపోయింది.

వెళ్ళేటప్పుడు మన గుమాస్తా సిస్టర్ దగ్గర ఒక కవరూ, ఒక స్టాంపూ అడిగి తీసుకున్నాడు. ఎందుకో నేను అడగలేదు.

అత్త


మారియన్‌టాల్
మే 2

జనెల్‌కి,

ఫోన్ లాకర్లో పెడతానన్నావు గనక రాస్తున్నాను. నాకు ఉత్తరాలు చేతకావు. చివరిసారి రాసింది మీ అమ్మకి, సైన్యంలో ఉన్నప్పుడు.

గోధుమ చల్లడం అయింది. వాన ఇంకా పడలేదు. కుట్టు వేసినచోట బాగానే ఉంది. ఆ దూడ తింటోంది.

ఒక సంగతి చెప్పాలి. ఆ ఆదివారం కర్ట్ నీకు ఫోన్ చేస్తానన్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు కూడా. వద్దు, దానికి పరీక్షలున్నాయి, కదిలించకు అన్నాను. నా మాట విని పెట్టేశాడు. వాడు ఎప్పుడూ నా మాట అంత తేలిగ్గా వినేవాడు కాదు. ఆరోజు విన్నాడు.

నీకు ఫోన్ అందేది కాదని నువ్వు చెప్పాక రెండు వారాలు బాగా నిద్రపట్టింది. తర్వాత మళ్ళీ ఆలోచించాను. అది నాకు ఆరోజు తెలియదు కదా. నువ్వు ఎత్తుతావనే అనుకున్నాను, ఎత్తుతావని తెలిసే వద్దన్నాను. కాబట్టి నువ్వు చెప్పిన లాకరు నాకు పనికిరాదు. నీ దగ్గరే ఉంచుకో.

దీని గురించి ఫోన్ చెయ్యకు. నా ఎదురుగా ఉన్నా ఏమీ అనకు. ఉత్తరం రాయి. ఇక్కడికి రావడానికి మూడు రోజులు పడుతుంది. ఏం రాసినా పరవాలేదు. రోజూ రోడ్డు మీది ఉత్తరాల పెట్టెదాకా నడిచి చూస్తాను.

నాన్న